సున్నిత మనసు, దాంపత్యం, పడకగది: తరచుగా అడిగే ప్రశ్నలు

నాకు పెళ్ళయి పన్నెండేళ్ళయింది. మొదటి నాలుగేళ్ళూ నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. మా ఆయనంటే ప్రాణం, కానీ రాత్రి ఆయన చెయ్యి వేస్తే ఒక్కోసారి ఒళ్ళు బిగుసుకుపోయేది. తర్వాత ఒక సైకాలజిస్ట్ దగ్గర కూర్చున్నాను, దొరికినవన్నీ చదివాను, ఆయనతో ఎన్నో రాత్రులు మాట్లాడాను. అలా తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. నా స్నేహితురాళ్ళు, వాళ్ళలో కొందరి భర్తలు, పదే పదే అడిగిన ప్రశ్నలివి.

ఒక్క మాట ముందే చెప్పాలి. మనలాంటి అతి సున్నిత స్వభావం ఉన్నవాళ్ళ ఒళ్ళు వద్దన్నప్పుడు, చాలాసార్లు అది పక్కనున్న మనిషిని వద్దనడం లేదు, ఆ క్షణంలో మీద పడుతున్న వాసనలు, శబ్దాలు, తాకిడుల భారాన్ని వద్దంటోంది. ఈ తేడా మా ఇద్దరికీ అర్థమైన రోజు నుంచే మా కాపురం మారింది.

అతి సున్నిత స్వభావం అంటే ఏంటి? అది జబ్బా?

జబ్బు కాదు. మానసిక వ్యాధుల జాబితాల్లో ఇది ఎక్కడా ఉండదు. ఎలేన్ ఏరన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1990ల మొదట్లో దీని మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆమె, ఆమె భర్త ఆర్థర్ ఏరన్ కలిసి 1997లో 27 ప్రశ్నలతో ఒక కొలమానం ప్రచురించారు. హైలీ సెన్సిటివ్ పర్సన్ అన్న పేరు అలా వాడుకలోకి వచ్చింది. వందలో పదిహేను నుంచి ఇరవై మంది ఇలా ఉంటారని ఆమె మొదట్లో అంచనా వేశారు. 2018లో వచ్చిన ఒక పరిశోధన మాత్రం సున్నితత్వం బాగా ఎక్కువున్న వాళ్ళు దాదాపు 30 శాతం, మధ్యరకం 40 శాతం, తక్కువున్న వాళ్ళు మిగతా 30 శాతం అని చెప్పింది. మనిషికీ మనిషికీ ఉండే ఈ తేడాలో సుమారు సగం జన్యువుల వల్లే వస్తుందని కవలల మీద చేసిన పరిశోధనలో తేలింది.

మన ఇళ్ళల్లో దీనికి పేరు లేదు, సాధింపులే ఉన్నాయి. "ముట్టుకుంటే కందిపోతుంది", "చిన్న మాటకే ముఖం మాడ్చుకుంటుంది", "ఇంత నాజూకైతే కాపురం ఎలా చేస్తావే". నేను ఇవన్నీ విన్నాను. విని విని నిజమే అనుకున్నాను.

నాకు ఆ స్వభావం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ట్యూబ్‌లైట్ గుయ్‌మంటుంటే ఇంట్లో అందరికంటే ముందు మీకే వినబడుతుందా? జాకెట్ లోపలి కుట్టు రోజంతా గుచ్చుకుంటూనే ఉంటుందా? గదిలోకి అడుగు పెట్టగానే ఎవరు ఎవరి మీద అలిగారో తెలిసిపోతుందా? పెళ్ళికి వెళ్ళొచ్చాక మర్నాడంతా ఎవరితోనూ మాట్లాడాలనిపించదా? చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉంటే బహుశా మీరూ మాలో ఒకరు.

నిన్నమొన్నటి దాకా బాగానే ఉండి ఈ మధ్యే ఇలా అయితే మాత్రం సంగతి వేరు. డిప్రెషన్, ఆందోళన, ఎప్పుడో జరిగిన లైంగిక వేధింపు తాలూకు భయం కూడా పైకి ఇలాగే కనబడతాయి. వాటిని "నా స్వభావం అంతే" అని పక్కన పెట్టకండి.

దీనికీ పడకగదికీ సంబంధం ఏంటి?

మా శోభనం గది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. మంచం చుట్టూ మల్లెదండలు, పక్క మీద గులాబీ రేకులు, మూల స్టూలు మీద గుత్తిగా వెలిగించిన అగరొత్తులు, అవి చాలవన్నట్టు ఎవరో కొట్టిన రూమ్ స్ప్రే. కొత్త పట్టుచీర జరీ మెడ దగ్గర గీరుకుంటోంది. తలుపు అవతల వదినలూ పిన్నులూ కిసకిసా నవ్వుతున్నారు. నేను పాలగ్లాసు పట్టుకుని నిలబడి ఉంటే ఆయన "భయంగా ఉందా?" అని అడిగారు. నాకు ఆయనంటే భయం లేదు. ఆ వాసనలకి కడుపులో తిప్పుతోంది. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది.

జాన్ బాంక్రాఫ్ట్, ఎరిక్ జాన్సెన్ అనే ఇద్దరు పరిశోధకులు లైంగిక విషయాల మీద పరిశోధన చేసే అమెరికాలోని కిన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ ఒక సిద్ధాంతం చెప్పారు. కోరిక విషయంలో మనిషిలో యాక్సిలరేటర్ లాంటిది ఒకటి, బ్రేక్ లాంటిది ఒకటి విడివిడిగా ఉంటాయట. ఒకరికి కోరిక తక్కువగా కనబడితే యాక్సిలరేటర్ బలహీనమై ఉండొచ్చు, లేదా బ్రేక్ మీద కాలు ఉండొచ్చు. నా విషయంలో రెండోదే నిజం. మనకి బ్రేక్ నొక్కే వస్తువులు గదినిండా ఉంటాయి: కిర్రుమనే మంచం, ఆయన నోట్లో ఉల్లిపాయ వాసన, మాసిన గడ్డం గరుకు, ఉదయం అత్తగారన్న మాట, ఇంకా తోమని గిన్నెలు. మల్లెపూలు చాలామందికి యాక్సిలరేటర్. నాకవి బ్రేక్. ఇప్పుడు మా గదిలో వాసన అంటూ ఏమీ ఉండదు, ఉతికి ఎండలో ఆరేసిన దుప్పటి వాసన తప్ప.

ఇక రెండో వైపు. ఇదే సున్నితత్వం వల్ల మనకి దక్కేది చాలా ఉంది. గొంతులో చిన్న మార్పు, చెవి దగ్గర ఊపిరి, వేలి కొస తాకిడి, ఇవన్నీ మనకి పూర్తిగా అందుతాయి. బ్రేక్ మీద కాలు తీసిన రోజున మనం పొందే ఆనందం చాలా లోతుగా ఉంటుంది. దీన్ని శాపంగా చూసే వాళ్ళతో నేను అసలు ఒప్పుకోను.

ఆయన ప్రేమగానే నిమురుతారు, కానీ రెండు నిమిషాలకే చిరాకు. ఎందుకు?

ఒకే చోట అదేపనిగా రాస్తుంటే ఎవరికైనా మొద్దుబారడమో మంటెత్తడమో జరుగుతుంది. మనకి అది ముందే జరుగుతుంది. అందుకే చెయ్యి చోటు మారుతూ ఉండాలి, లేదంటే కదలకుండా అరచెయ్యి పూర్తిగా ఆనించి ఉంచాలి. నాకైతే వీపు మీద కదలని బరువైన అరచెయ్యి అన్నిటికంటే హాయి.

వేగం కూడా ముఖ్యం. చేతులు, వీపు లాంటి నూగు వెంట్రుకలుండే చర్మంలో మెల్లని నిమురుడుకే బాగా స్పందించే నాడీ తంతువులు ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో కదిలే స్పర్శకి అవి ఎక్కువగా స్పందిస్తాయనీ, మనుషులకి హాయిగా అనిపించేదీ అదే వేగమనీ 2009లో ప్రచురించిన ప్రయోగంలో తేలింది. ఆ మధ్యలో ఒక వేగం తీసుకుని లెక్క వేసుకుంటే, మోచేతి నుంచి మణికట్టు దాకా వేలు చేరడానికి ఆరేడు సెకన్లు పట్టాలి. ఒకసారి గడియారం చూస్తూ చేసి చూడండి. అంత మెల్లగానా అని ఆశ్చర్యపోతారు. మా ఆయన కూడా ఆశ్చర్యపోయారు.

రోజంతా పసిబిడ్డ ఒంటిని అంటుకునే ఉంటుంది. రాత్రికి ఎవరు ముట్టుకున్నా విదిలించుకోవాలనిపిస్తుంది. నేను మారిపోయానా?

మారిపోలేదమ్మా, మీ చర్మం ఆ రోజుకి నిండిపోయింది. పాలిచ్చే రోజుల్లో హార్మోన్ల వల్ల కోరిక తగ్గడం, లోపల పొడిబారడం కూడా మామూలే. సాయంత్రం ఒక అరగంట బిడ్డని ఆయనకిచ్చి తలుపు వేసుకుని ఒంటరిగా పడుకోండి. అది మీ ఇద్దరి కోసం అని ఆయనకి చెప్పండి.

గొడవపడిన రాత్రే ఆయనకి దగ్గరవ్వాలని ఉంటుంది, నాకేమో దూరంగా జరగాలని. ఎవరిది తప్పు?

తప్పు ఎవరిదీ కాదు. కొందరికి కలయికే రాజీ. మనకి రాజీ కుదిరాకే కలయిక. ఆయన "ఇలా అయినా దగ్గరవుదాం" అనుకుంటారు, మీరు "నా బాధ పట్టలేదు, ఒళ్ళే కావాలి" అనుకుంటారు. ఇద్దరూ కోరుకునేది దగ్గరతనమే.

దంపతుల గొడవల్ని ల్యాబ్‌లో కూర్చోబెట్టి, గుండె వేగం కొలుస్తూ ఏళ్ళ తరబడి పరిశీలించిన జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్ట్ ఒక పనికొచ్చే సంగతి చెప్పారు. గొడవలో గుండె నిమిషానికి వందసార్లు దాటి కొట్టుకుంటుంటే ఎదుటివాళ్ళ మాట సరిగా బుర్రకెక్కదు. కనీసం 20 నిమిషాలు పక్కకి వెళ్ళి, గొడవ గురించి ఆలోచించకుండా ఉంటే ఒళ్ళు కుదుటపడుతుంది. మా ఇంట్లో దీనికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరికి తట్టుకోలేనట్టు అనిపిస్తే వాళ్ళు "బాల్కనీకి వెళ్ళొస్తా" అంటారు. తిరిగి వస్తానన్న మాట అందులోనే ఉంది కాబట్టి రెండోవాళ్ళకి వదిలేసి వెళ్ళినట్టు అనిపించదు. నాకు 20 నిమిషాలు చాలవు, గంట కావాలి. ఒక్కోసారి మర్నాటి దాకా.

ఆయన ముఖం కాస్త చిన్నబోతే చాలు, నా మూడ్ పోతుంది. ఆఫీసు టెన్షన్ అని చెప్పినా మనసు ఒప్పుకోదు.

బియాంకా అసెవెడో అనే పరిశోధకురాలు 2014లో 18 మంది మెదడును స్కాన్ చేస్తూ, వాళ్ళ జీవిత భాగస్వామివీ, ముక్కూముఖం తెలియనివాళ్ళవీ ఫొటోలు చూపించారు. కొన్నిట్లో నవ్వు, కొన్నిట్లో బాధ. సున్నితత్వం ఎక్కువున్న వాళ్ళలో ఎదుటివాళ్ళ భావాన్ని పట్టుకునే మెదడు భాగాలు ఎక్కువగా చురుకయ్యాయి. చిన్న ప్రయోగమే, కానీ నాకు మాత్రం నా కథే చెప్పినట్టనిపించింది.

అయితే ఒక జాగ్రత్త. ముఖం చదవడంలో మనం గట్టివాళ్ళమే, కారణం ఊహించడంలో కాదు. ఆయన బాధలో ఉన్నారని కనిపెట్టేస్తాం, అది నా వల్లేనని వెంటనే తీర్మానించేస్తాం. ఆ రెండో అడుగు దగ్గర ఆగి అడగాలి. "ముఖం అలా ఉంది, నా మీదా, ఇంకేమన్నానా?" అంతే. ఆయన కూడా "ఏం లేదు" అనేసి ఊరుకోకూడదు. "ఆఫీసులో మాట పడ్డాను, నీ మీద కాదు" అని పూర్తిగా చెప్పాలి. ఏం లేదన్న ఆ సగం మాటే మనల్ని రాత్రంతా మేలుకునేలా చేస్తుంది.

కోరిక దానంతట అది రాదు. మొదలయ్యాక మాత్రం బాగానే ఉంటుంది. ఇది సహజమేనా?

సహజమే. కెనడా డాక్టర్ రోజ్‌మేరీ బాసన్ 2000లో దీన్ని చక్కగా వివరించారు. కోరిక ముందు పుట్టి తర్వాత దగ్గరవడం ఒక దారి. దగ్గరతనం, స్పర్శ ముందు వచ్చి వాటి వెంట కోరిక మేలుకోవడం ఇంకో దారి. చాలాకాలంగా కలిసి ఉన్న ఆడవాళ్ళలో రెండోది మామూలే, మగవాళ్ళలోనూ ఉంటుంది.

దీన్ని "మొదలుపెడితే అదే వస్తుందిలే" అని ఒత్తిడి చేయడానికి వాడుకునే వాళ్ళున్నారు. అది నాకు అస్సలు నచ్చదు. మనసు "సరే, చూద్దాం" అన్నప్పుడు మొదలుపెట్టడం వేరు, వద్దంటుంటే భరించడం వేరు. భరించిన ప్రతిసారీ మన ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, తర్వాతిసారి బ్రేక్ ఇంకా గట్టిగా పడుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచారంలోకి తెచ్చిన అభ్యాసం ఒకటుంది. అర్ధశతాబ్దం దాటినా సెక్స్ థెరపిస్టులు ఇప్పటికీ దాన్నే చెబుతారు. మా సైకాలజిస్ట్ కూడా అదే చెప్పారు. మొదటి కొన్ని వారాలు కలయిక వద్దని ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. వారానికి రెండు మూడుసార్లు, ఓ అరగంట పాటు, ఒకరు తాకుతారు, ఒకరు పడుకుంటారు, తర్వాత వంతు మారుతుంది. మర్మాంగాలు, రొమ్ములు మొదట్లో తాకకూడదు. వేడి, మెత్తదనం, గరుకు, ఇవి గమనించడమే పని. వారాలు గడిచేకొద్దీ హద్దులు ఒక్కొక్కటే సడలిస్తారు.

మనలాంటి వాళ్ళకి ఇందులో దొరికే వరం ఏంటంటే, ఆ చెయ్యి ఎక్కడికి వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసు. మొదటిరోజు మా ఆయన నా పాదం పట్టుకుని పది నిమిషాలు అలాగే కూర్చున్నారు. ఫ్యాన్ రెండులో తిరుగుతోంది. నేను మధ్యలో నిద్రపోయాను. లేచి సారీ చెబితే, "నా చేతిలో నీ కాలు ఇంత వదులుగా ఉండటం ఇదే మొదటిసారి" అన్నారు.

అంతా బాగానే జరిగాక ఏడుపొస్తుంది. ఆయన కంగారు పడుతున్నారు.

ఇది మీ ఒక్కరికే కాదు. 2015లో 230 మంది యూనివర్సిటీ అమ్మాయిలని అడిగితే, కలయిక తర్వాత కారణం తెలియని ఏడుపో దిగులో చిరాకో ఒక్కసారైనా వచ్చిందని 46 శాతం మంది చెప్పారు. 2018లో 1,208 మంది మగవాళ్ళని అడిగితే 41 శాతం మంది అవునన్నారు. మగవాళ్ళ అంకె చూసి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. వాళ్ళు ఎవరికి చెప్పుకుంటారు?

అప్పుడప్పుడూ వచ్చి కాసేపట్లో తేరుకునేదైతే భయపడక్కర్లేదు. "బాధ కాదు, మనసు నిండిపోయింది, అంతే. పట్టుకో" అని చెప్పండి. ప్రతిసారీ వస్తున్నా, పాత గాయమేదో గుర్తొస్తున్నా సైకాలజిస్ట్‌ని కలవాలి.

అయిపోగానే ఆయన ఫోన్ తీస్తారు. నాకు గుండె కలుక్కుమంటుంది.

సున్నిత స్వభావుల దాంపత్యం మీద ఎలేన్ ఏరన్ చేసిన సర్వేలో, కలయిక నుంచి వెంటనే మామూలు పనుల్లోకి రావడం వీళ్ళకి కష్టమని తేలింది. మనం లోతుగా వెళ్ళాం, పైకి రావడానికి టైమ్ కావాలి. పది నిమిషాలు మాటల్లేకుండా పక్కన పడుకోమని అడగండి. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు.

అత్తమామలతో రెండు గదుల ఇల్లు. గోడ అవతల మామగారి దగ్గు వినబడుతుంది. ఎలా?

హైదరాబాద్ అద్దె ఇళ్ళల్లో ఎంతమంది ఈ బాధ పడుతున్నారో! సిగ్గుపడి ఊరుకోవద్దు. కిర్రుమనే మంచం బోల్టులు బిగించండి, లేదా పరుపు కింద వేసుకోండి. ఫ్యాన్ హోరు చిన్న శబ్దాల్ని మింగేస్తుంది. గాజులు, పట్టీలు తీసి పక్కన పెట్టండి. తలుపుకి లోపల గడియ తప్పనిసరి, లేకపోతే చెవి ఎప్పుడూ తలుపు మీదే ఉంటుంది. రాత్రే అని నియమం ఏం లేదు, పెద్దవాళ్ళు గుడికెళ్ళిన ఆదివారం ఉదయం కూడా మంచి సమయమే. నెలకో రెండు నెలలకో ఒక రాత్రి ఇద్దరే బయట ఉండగలిగితే దాన్ని దుబారా అనుకోకండి.

నొప్పి కూడా సున్నితత్వం వల్లేనా?

కాదు. నొప్పిని స్వభావం ఖాతాలో వేయొద్దు. ఇన్ఫెక్షన్, పొడిబారడం, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం), యోని కండరాలు తమంతట తాము బిగుసుకుపోవడం, కారణాలు చాలా ఉంటాయి, దాదాపు అన్నిటికీ చికిత్స ఉంది. గైనకాలజిస్ట్‌కి చూపించండి. పొడిబారితే మందుల షాపులో దొరికే వాటర్ బేస్డ్ లూబ్రికెంట్, వాసన లేనిది తీసుకోండి. కండోమ్ వాడుతుంటే కొబ్బరినూనె వద్దు, లేటెక్స్ చిరిగిపోతుంది.

మగవాళ్ళలో కూడా ఉంటుందా? నేను చెబితే నవ్వుతారేమో.

ఆడవాళ్ళలో ఎంతమందో మగవాళ్ళలో కూడా దాదాపు అంతమందే ఉంటారని ఏరన్ అంటారు. మన దగ్గర మగవాడికి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలనే బరువు ఒకటి. ఒక స్నేహితురాలి భర్త చెప్పింది రాస్తున్నాను: "ఆమె కళ్ళలో కాస్త అసౌకర్యం కనబడితే చాలు, నా ఒంట్లో అంతా ఆగిపోతుంది." దీన్ని ఆయన మగతనం తక్కువ అనుకుని, రైల్వే గోడల మీద ప్రకటనలు రాసే ఒక కేంద్రానికి వెళ్ళి వేలు పోగొట్టుకున్నారు. అంగస్తంభన సమస్య తరచూ ఉంటే ముందు షుగర్, బీపీ చూపించుకోవాలి, తర్వాత మానసిక వైద్యుణ్ణి కలవాలి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు కూడా కోరికని తగ్గిస్తాయి. అలా అయితే మందు మీరే మానేయకుండా, ఇచ్చిన డాక్టర్‌కి చెప్పండి, మార్చే వీలుంటుంది.

"ఈ రోజు వద్దు" అని ఎలా చెప్పాలి?

వద్దన్నదాని పక్కనే ఏది కావాలో చెప్పండి. "ఈ రోజు చాలా అలసిపోయాను, పక్కన పడుకో, చెయ్యి మాత్రం పట్టుకో. ఆదివారం పొద్దున చూద్దాం." వాయిదా వేసిన రోజుని మీరే గుర్తు చేయండి, అప్పుడు ఆయనకి నమ్మకం పెరుగుతుంది.

ఇలా చెప్పినా వినకుండా బలవంతం చేస్తుంటే అది సున్నితత్వం సమస్య కాదు. గృహహింస నిరోధక చట్టం, 2005 లైంగిక హింసని కూడా గృహహింసగానే చూస్తుంది. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఎవరిని కలవాలి?

క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందేమో అడగండి, అడగడం తప్పు కాదు. ప్రభుత్వ బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాల్లో తక్కువ ఖర్చుతో చూస్తారు. ముందు ఫోన్లో మాట్లాడదామంటే, 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మొదటి కౌన్సెలర్ "సర్దుకుపోవాలమ్మా" అంటే ఇంకొకర్ని వెతకండి. నాకు రెండోవారు కుదిరారు.

ఇది ఆయనకి చూపించొచ్చా?

చూపించండి, కానీ పడుకోబోయే ముందు కాదు, గొడవ మధ్యలో అసలే కాదు. సాయంత్రం టీ తాగుతూ, లేదా బండి మీద ఎటైనా వెళ్ళొచ్చి కూర్చున్నప్పుడు చూపించండి. అంతా ఒకేసారి చదివించక్కర్లేదు. మీకు బాగా తగిలిన ఒక్క ప్రశ్న తెరిచి "ఇది నేనే" అనండి. ఆయన చదువుతున్నంతసేపూ ఆయన ముఖం చూడకండి. మనం ఏదో ఒకటి ఊహించేసుకుంటాం. లేచి వెళ్ళి టీ గ్లాసులు కడగండి, ఆయన పిలిచేదాకా.